పీసీ కెర్నెల్‌ను రాస్ప్‌బెరీ పై 3 బోర్డుకు మారుస్తున్నాను: ఏ టైమర్‌ను నమ్ముకోవాలి?

కొత్తబోర్డు:
అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా మొదలుపెట్టి, చదువు అయిపోయాక కూడా వదలలేక సాగదీస్తున్న చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఒకటి నా దగ్గర ఉంది. ఇంతవరకు అది పీసీ మీదనే నడిచింది. అందులో కాలానికి సంబంధించిన పనంతా 8254 అనే టైమర్ చిప్పుదే. సెకనుకు 1000 సార్లు ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పని మధ్యలో తట్టి పిలిచే సంకేతం) వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒక వేరియబుల్‌కు 1 కలుపుతాను. షెడ్యూలర్ (ప్రాసెసర్‌ను ఏ పనికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చే భాగం), స్లీప్, తేదీ, సమయం అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు దీన్ని రాస్ప్‌బెరీ పై 3 బోర్డుకు తీసుకువెళ్తున్నాను. తీరా చూస్తే ఆ బోర్డులో ఒకటి కాదు, నాలుగు రకాల టైమర్లు ఉన్నాయి: 1 మెగాహెర్ట్జ్‌తో నడిచే సిస్టమ్ టైమర్, చిప్పు తయారీదారు బ్రాడ్‌కామ్ పత్రంలో ఆర్మ్ టైమర్ అనే పేరున్న మరొకటి, ప్రతి కోర్ (చిప్పులోని ఒక్కో ప్రాసెసర్) లోపల ఉండే జెనెరిక్ టైమర్, నాలుగు కోర్లకూ ఉమ్మడిగా ఉన్న లోకల్ టైమర్. వీటిలో 8254 స్థానంలో పెట్టదగినది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాతపీసీ:
కొత్త టైమర్ మాట తరువాత, ముందు మీ పాత గడియారం ఎంత సరిగ్గా నడిచిందో ఎప్పుడైనా చూశారా? 8254కు అందే క్లాక్ 1.193182 మెగాహెర్ట్జ్. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, అమెరికా కలర్ టీవీ సంకేతానికి సరిపోయే 14.31818 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒక్కటే బోర్డు మీద పెట్టి, దాన్ని 12తో భాగించి టైమర్‌కు ఇచ్చారు. టీవీ లెక్క కోసం పుట్టిన ఆ అంకె సెకనుకు 1000 అనే గుండ్రని అంకెతో ఎలా కుదురుతుంది? మీరు 1193తో భాగించి ఉంటారు, అప్పుడు వచ్చేది సెకనుకు 1000.15 ఇంటరప్ట్‌లు. ప్రతి ఇంటరప్ట్‌నూ కచ్చితంగా ఒక మిల్లీసెకను అనుకుంటే గడియారం రోజుకు 13 సెకన్లు ముందుకు పోతుంది. సెకనుకు 100 చాలునని 11932తో భాగించి ఉంటే తేడా రోజుకు సెకనున్నర లోపే ఉండేది. కనుక ఆ పద్ధతినే ఆదర్శంగా పెట్టుకుని కొత్త బోర్డులో దానికి జోడీ వెతకవద్దని నా మనవి.

గడియారపుముల్లు:
పాతపీసీ గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. ‘8254 స్థానంలో ఏది’ అన్న ప్రశ్నలోనే తిరకాసు ఉంది, ఎందుకంటే మీ కెర్నెల్‌లో ఆ చిప్పు రెండు వేర్వేరు పనులు చేసింది. ఇప్పుడు సమయం ఎంత అని చెప్పడం ఒకటి, ఫలానా సమయానికి నన్ను తట్టి లేపు అంటే లేపడం మరొకటి. మొదటి పనికి కావలసింది ఆగకుండా, వెనక్కి తిరగకుండా, ఎప్పుడు చదివినా తక్కువ ఖర్చుతో జవాబిచ్చే కౌంటర్. రెండో పనికి కావలసింది గడువు పెట్టగలిగిన, ఇంటరప్ట్ తేగలిగిన పరికరం. ఇంటి గోడ గడియారాన్ని, అలారాన్ని ఒకే పెట్టెలో కొనాలని నియమమేమీ లేదు కదా.

లైనక్స్ ఈ రెండింటినీ క్లాక్‌సోర్స్, క్లాక్‌ఈవెంట్ అని విడదీసింది. ఆ విభజన కుదిరాకే, 2007లో వచ్చిన 2.6.21 వెర్షన్‌లో, పనిలేనప్పుడు టిక్కు (నిర్ణీత వ్యవధిలో వచ్చే ఇంటరప్ట్) కొట్టడం మానేసే సదుపాయం పీసీలకు అందింది. మీరూ ముందు కెర్నెల్‌లో ఈ రెండు ఇంటర్‌ఫేస్‌లను విడిగా రాసుకోండి. అప్పుడు టైమర్ ఎంపిక ఒక ఫైలులో తేలిపోయే విషయమవుతుంది, తప్పు ఎంచుకున్నా ఒక పూటలో మార్చుకోవచ్చు.

నిశాచరి:
ఆర్మ్ టైమర్‌ను మాత్రం ఇప్పుడే కొట్టివేయండి. అది సిస్టమ్ క్లాక్ నుంచి నడుస్తుంది. విద్యుత్ ఆదా కోసం ఆ క్లాక్ వేగం మారవచ్చని, కచ్చితమైన కాలం కావాలంటే సిస్టమ్ టైమర్ వాడమని బ్రాడ్‌కామ్ పత్రంలోనే రాసి ఉంది. తయారు చేసినవారే వద్దంటున్నప్పుడు మనకెందుకు? సిస్టమ్ టైమర్‌లో నాలుగు కంపేర్ చానళ్లు (గడువు రాస్తే కౌంటర్‌తో పోల్చే గడులు) ఉన్నా 0, 2 చానళ్లు జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఫర్మ్‌వేర్ వాడుకుంటుంది, మీకు మిగిలేవి 1, 3 మాత్రమే.

కొత్తబోర్డు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు ఇంటర్‌ఫేస్‌లుగా విడదీశాను. రెండు పనులకూ సిస్టమ్ టైమర్‌నే పెట్టాను, ఎందుకంటే 1 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో లెక్క సరిగ్గా ఒక మైక్రోసెకను, భాగహారాల బెడద లేదు. టిక్కు తీసేసి, నిద్రలో ఉన్న థ్రెడ్లలో (విడివిడిగా నడిచే పనుల్లో) అందరికంటే ముందు లేవవలసినదాని గడువును చానల్ 1లో పెడుతున్నాను.

రెండు రోజులు చక్కగా నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఎల్ఈడీ మిణుకడం ఆగిపోయి ఉంది. సీరియల్ కేబుల్ నుంచి కీ నొక్కితే అక్షరం తెర మీద పడుతోంది, అంటే కెర్నెల్ చచ్చిపోలేదు, కానీ నిద్రపోయిన థ్రెడ్ ఒక్కటీ లేవడం లేదు. విసుగొచ్చి వదిలేసి పక్క గదిలో వేరే పని చేసుకుంటుంటే, కొంతసేపటికి దానంతట అదే మళ్లీ మిణుకడం మొదలుపెట్టింది. లాగ్‌లో ముందు వరుసకూ తరువాత వరుసకూ మధ్య 4294 సెకన్ల ఖాళీ ఉంది. ఆ సాయంత్రం ఇంకోసారి ఇలాగే జరిగింది, అప్పుడూ 4294 సెకన్లే. హార్డ్‌వేర్ చెడిపోయిందా?

గోదారిగట్టు:
బోర్డుకేమీ కాలేదు. 4294 సెకన్లు అంటే 71 నిమిషాల 34 సెకన్లు. 32 బిట్ల కౌంటర్ మైక్రోసెకన్లలో ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే కాలం అచ్చంగా అదే. మీరు గడువును టైమర్ రిజిస్టరులో (చిప్పులోని చిన్న నిల్వ గడిలో) రాసే వరుస ఎలా ఉందో ఒకసారి చెప్పండి. గడువు దాటిపోయిందేమోనని రాసిన తరువాత చూస్తున్నారా?

కొత్తబోర్డు:
చూడటం లేదండీ. కౌంటర్ చదువుతాను, గడువుకు ఇంకా ఎన్ని మైక్రోసెకన్లు ఉన్నాయో లెక్కిస్తాను, ఆ మొత్తాన్ని చదివిన విలువకు కలిపి కంపేర్ రిజిస్టరులో రాస్తాను, అంతే. ఈమధ్య ఒక డ్రైవర్‌లో 3 మైక్రోసెకన్ల స్లీప్ పెట్టాను. అంతకు మించి కొత్తగా మార్చినదేమీ లేదు.

గోదారిగట్టు:
దొరికింది. ఈ సిస్టమ్ టైమర్ చేసే పోలిక ‘సమానమా’ అన్నదే కానీ ‘సమానమా లేక దాటిందా’ అన్నది కాదు. కౌంటర్ దిగువ 32 బిట్లు మీరు రాసిన విలువతో అచ్చుగుద్దినట్టు సరిపోయిన క్షణంలోనే అది ఇంటరప్ట్ ఇస్తుంది. మీరు కౌంటర్ చదివినప్పుడు 5000 ఉందనుకోండి. 3 కలిపి 5003 రాయాలనుకున్నారు. చదవడానికీ రాయడానికీ మధ్య సీరియల్ ఇంటరప్ట్ ఒకటి దూరింది, లేదా లెక్కలే కాస్త ఎక్కువసేపు పట్టాయి. మీరు 5003 రాసేసరికి కౌంటర్ 5006 మీద ఉంది. బస్సు వెళ్లిపోయాక స్టాపుకు చేరినట్టయింది. ఇక ఆ కౌంటర్ 429 కోట్ల 49 లక్షల చిల్లర లెక్కలు లెక్కపెట్టి, సున్నా దాటి, మళ్లీ 5003కు వచ్చినప్పుడే మీకు ఇంటరప్ట్ వస్తుంది.

కీ నొక్కితే అక్షరం ఎందుకు పడిందో కూడా దీనితోనే తేలుతుంది. సీరియల్ ఇంటరప్ట్‌కు టైమర్‌తో పనిలేదు. అయితే కీ నొక్కిన తరువాతైనా గడువు మళ్లీ రాసి ఉండవచ్చు కదా అంటే, మీ జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది ఆ తప్పిపోయిన గడువే. మొదటిది మారలేదు కనుక రిజిస్టరును తిరగరాయనక్కర లేదని మీ కోడ్ అనుకుంటూ ఉంటుంది.

మందు సులువే. రాసిన వెంటనే కౌంటర్‌ను మళ్లీ చదవండి. గడువు దాటిపోయి ఉంటే ఇంటరప్ట్ కోసం ఎదురు చూడకుండా, వచ్చినట్టే భావించి జాబితాను అక్కడికక్కడే నడిపించండి. పోల్చేటప్పుడు రెండు 32 బిట్ల విలువలను తీసివేసి, ఫలితాన్ని ప్లస్, మైనస్ గుర్తు ఉండే సంఖ్యగా చూడాలి. లేకపోతే కౌంటర్ సున్నా దాటే చోట ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. లైనక్స్‌లో ఈ టైమర్ డ్రైవర్ 15 మైక్రోసెకన్ల కంటే తక్కువ వ్యవధిని అసలు ఒప్పుకోదు. ఆ అంకె ఎందుకు పెట్టారో మీకు ఇప్పుడు వేరే చెప్పనక్కర లేదు.

పాతపీసీ:
ఇది రాస్ప్‌బెరీ పై బోర్డు ఒక్కదాని జబ్బు కాదు. పీసీలోని హెచ్‌పీఈటీ అనే టైమర్‌దీ సమానతా పోలికే. లైనక్స్‌లో దాని కోడ్ చూడండి, గడువు రాశాక కౌంటర్ చదివి, ఆలస్యమైతే ‘సమయం మించింది’ అన్న ఎర్రర్ తిప్పి పంపుతుంది. కొత్త బోర్డు పత్రం చేతికి వచ్చినప్పుడు అందరూ ముందు ఫ్రీక్వెన్సీ చూస్తారు, తరువాత ఎన్ని బిట్లో చూస్తారు. నేను మాత్రం మొదట వెతికేది గతించిన గడువు రాస్తే ఆ టైమర్ ఏం చేస్తుందన్న వాక్యాన్ని. ఆ వాక్యం పత్రంలో లేకపోతే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, కావాలనే గతించిన విలువ పెట్టి పరీక్షిస్తాను. పది నిమిషాల పని, రెండు వారాల తలనొప్పి తప్పుతుంది.

గడియారపుముల్లు:
అందుకే నేనైతే లేపే పనికి సిస్టమ్ టైమర్‌ను వదిలి జెనెరిక్ టైమర్‌కు వెళ్తాను. దానిలో పోలిక ‘కౌంటర్ గడువును చేరిందా లేక దాటిందా’ అన్నది. గతించిన విలువ రాస్తే వెంటనే ఇంటరప్ట్ వస్తుంది, మీరు గడువును మార్చేదాకా లేదా టైమర్‌ను ఆపేదాకా ఆ గీత ఎత్తుగానే ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని కూడా లోపలికి రానిచ్చే మాస్టారు లాంటిది ఇది. పైగా కౌంటర్ 64 బిట్లది, రెండు ముక్కలుగా చదవనక్కర లేదు. సిస్టమ్ టైమర్‌లో 64 బిట్లు కావాలంటే పై సగం, దిగువ సగం, మళ్లీ పై సగం చదివి, పై సగం మారితే మొదటికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ టైమర్ ఆర్మ్ సంస్థ నిర్మాణంలో భాగం, బ్రాడ్‌కామ్ సొంతం కాదు. రేపు మీరు వేరే కంపెనీ 64 బిట్ల ఆర్మ్ బోర్డుకు వెళ్లినా కోడ్ మారదు, ఇంటరప్ట్ కంట్రోలర్ వైపు మాత్రం మార్చుకోవాలి. ఎందుకంటే పై 3లో బ్రాడ్‌కామ్ సొంత కంట్రోలర్ ఉంటే, పై 4లో ఆర్మ్ సంస్థ కంట్రోలర్ జీఐసీ-400 వచ్చింది.

భౌతిక, వర్చువల్ అని రెండు రకాల జెనెరిక్ టైమర్లు మీకు అందుబాటులో ఉంటాయి. వర్చువల్‌ది వాడండి. మీ కెర్నెల్‌ను ఎవరైనా హైపర్‌వైజర్ (ఒకే యంత్రం మీద పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) కింద నడిపినా అది మార్పు లేకుండా పనిచేస్తుంది. ఫర్మ్‌వేర్ మిమ్మల్ని ఈఎల్2 అనే హైపర్‌వైజర్ అధికార స్థాయిలో వదులుతుంది కనుక, కెర్నెల్ స్థాయి అయిన ఈఎల్1కు దిగేముందే వర్చువల్ ఆఫ్‌సెట్ రిజిస్టరును సున్నా చేయడం మరిచిపోవద్దు.

కొత్తబోర్డు:
గోదారిగట్టు గారు చెప్పిన సవరణతో సిస్టమ్ టైమర్ నిలబడింది. అయినా గడియారపుముల్లు గారి మాట విని జెనెరిక్ టైమర్‌కు మారాను. ముందు క్యూఎములో (బోర్డును సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్‌లో) సరిచూసి తరువాత బోర్డు మీద పెట్టాను. క్యూఎములో 10 మిల్లీసెకన్లకు 6,25,000 లెక్కలు పెడితే సరిగ్గా వచ్చింది. అదే ఇమేజ్ బోర్డు మీద పెడితే ఎల్ఈడీ బద్ధకంగా, మూడు రెట్లకు పైగా నెమ్మదిగా మిణుకుతోంది.

నిశాచరి:
క్యూఎము ఆ మెషీన్‌కు 62.5 మెగాహెర్ట్జ్ చూపిస్తుంది, అసలు బోర్డు మీద ఉన్నది 19.2. మీ 6,25,000 లెక్కలకు బోర్డు మీద 32.55 మిల్లీసెకన్లు పడుతుంది. రేపు పై 4 కొంటే 54 మెగాహెర్ట్జ్ ఉంటుంది, అప్పుడు పదికి పదకొండున్నర పడుతుంది. తేడా చిన్నది కనుక కంటికి ఆనదు, అది ఇంకా ప్రమాదం. అంకెను కోడ్‌లో రాయకండి, సీఎన్‌టీఎఫ్ఆర్‌క్యూ అనే రిజిస్టరు నుంచి చదవండి.

పాతపీసీ:
చదవండి కానీ గుడ్డిగా నమ్మకండి. ఆ రిజిస్టరు కొలిచి చెప్పేది కాదు, బూట్ సమయంలో ఎవరో రాసిపెట్టిన చీటీ మాత్రమే. రాస్ప్‌బెరీ పై బోర్డుల్లో ఆ చీటీ రాసేది ఫర్మ్‌వేర్‌తో వచ్చే చిన్న స్టబ్ (కెర్నెల్ కంటే ముందు నడిచే కోడ్ ముక్క). దాన్ని తప్పించి మీ సొంత బూట్ కోడ్ పెట్టుకుంటే అందులో చెత్త విలువ ఉండవచ్చు, సున్నా కూడా ఉండవచ్చు. సున్నా వస్తే భాగహారం దగ్గర కెర్నెల్ ఏం చేస్తుందో ముందే తేల్చుకోండి. మీ బోర్డు మీద ఒక సౌకర్యం ఉంది. సిస్టమ్ టైమర్ నికరంగా 1 మెగాహెర్ట్జ్ కనుక, బూట్‌లో దానితో ఓ 50 మిల్లీసెకన్లు జెనెరిక్ కౌంటర్‌ను కొలిచి, చీటీలో ఉన్న అంకెతో పోల్చి, తేడా ఎక్కువ ఉంటే లాగ్‌లో మొర పెట్టుకోమనండి. పీసీలో ప్రాసెసర్ లోపలి లోకల్ ఏపీఐసీ టైమర్ వేగం తెలియక 8254తో కొలిచేవాళ్లం, ఇదీ అదే విద్య.

కొత్తబోర్డు:
సరిచేశాను, ఎల్ఈడీ ఇప్పుడు క్యూఎములోనూ బోర్డు మీదా ఒకే లయలో ఉంది. అయితే రాత్రి 10 గంటలసేపు బోర్డును నడవనిచ్చి పొద్దున్నే చూస్తే గడియారం దాదాపు 58 సెకన్లు వెనకబడి ఉంది. స్ఫటికం ఇంత తప్పు ఉంటుందా?

గోదారిగట్టు:
ఉండదు. చవక స్ఫటికం కూడా రోజుకు కొద్ది సెకన్ల కంటే ఎక్కువ తప్పదు. మీరు ఒక్కో లెక్కను 52 నానోసెకన్లుగా తీసుకుని గుణిస్తున్నారని నా అనుమానం. 100 కోట్లను 1 కోటి 92 లక్షలతో భాగిస్తే 52.0833 వస్తుంది. పూర్ణాంక భాగహారంలో ఆ చివరి తోక తెగిపోయింది. తోక చిన్నదే, కానీ వెయ్యికి 1.6 వంతు. 10 గంటలకు 57.6 సెకన్లు, రోజుకు 138.

కౌంటర్‌ను ముందు 100 కోట్లతో గుణించి తరువాత భాగిస్తే సరిపోతుంది కదా అనుకోకండి. 64 బిట్లు 16 నిమిషాల్లో నిండిపోతాయి. అందరూ చేసేది, భాగహారాన్ని ఒక గుణకారం, ఒక బిట్ల జరుపుడుగా మార్చడం. 52.0833ను 2 యొక్క 24వ ఘాతంతో గుణిస్తే 87,38,13,333 వస్తుంది. లెక్కల సంఖ్యను దీనితో గుణించి 24 బిట్లు కుడికి జరపండి. ఇదీ 1099 సెకన్లకు, అంటే 18 నిమిషాలకు పొంగుతుంది. కనుక బూట్ నుంచి ఇప్పటిదాకా ఉన్న మొత్తాన్ని ఎప్పుడూ గుణించకండి. కిందటిసారి చదివిన విలువ, అప్పటికి తేలిన నానోసెకన్లు దాచుకుని, ఆ తరువాత గడిచిన లెక్కలను మాత్రమే మార్చి కలపండి. టిక్కు తీసేశారు కనుక, ఎవరికీ పని లేకపోయినా కనీసం పది నిమిషాలకొకసారి ఈ ఖాతా సరిచేయడానికి ఒక గడువు పెట్టుకోవాలి.

గడియారపుముల్లు:
ఆ సందర్భంగా ఇంకొకటి. జెనెరిక్ టైమర్‌కు గడువు పెట్టడానికి రెండు దారులు ఉన్నాయి. టీవ్యాల్ అనే రిజిస్టరులో ఇంకా ఎన్ని లెక్కలో రాస్తారు, సీవ్యాల్ అనే రిజిస్టరులో ఏ లెక్కకో రాస్తారు. టీవ్యాల్ సులువుగా కనిపిస్తుంది, అందుకే నేర్పే పాఠాలన్నీ దాంతోనే మొదలవుతాయి. కానీ నిర్ణీత వ్యవధిలో జరగవలసిన పనికి ప్రతి ఇంటరప్ట్‌లోనూ టీవ్యాల్ రాస్తే, ఇంటరప్ట్ వచ్చాక హ్యాండ్లర్ ఆ వరుసకు చేరడానికి పట్టిన జాప్యం ప్రతిసారీ కలుస్తూ పోతుంది. 10 మిల్లీసెకన్లకు 2 మైక్రోసెకన్ల జాప్యం అంటే రోజుకు 17 సెకన్లు. సీవ్యాల్ వాడి, పాత గడువుకే వ్యవధి కలిపితే జాప్యం పోగుపడదు. పైగా టీవ్యాల్ ప్లస్, మైనస్ గుర్తు ఉండే 32 బిట్ల సంఖ్య కనుక 19.2 మెగాహెర్ట్జ్ దగ్గర 111 సెకన్లకు మించి నిద్రపోలేరు. మీరు ఏది వాడారు?

కొత్తబోర్డు:
టీవ్యాలేనండీ, పాఠంలో చూసే రాశాను. ఇప్పుడు రెండూ మార్చాను. నిన్న రాత్రి మళ్లీ 10 గంటలు నడిపితే, ఫోన్ గడియారంతో పోల్చినప్పుడు తేడా కంటికి తెలియలేదు. ఇక మిగతా మూడు కోర్లను లేపాలి. లోకల్ టైమర్ నాలుగు కోర్లకూ ఉమ్మడి కదా, షెడ్యూలర్ కోసం దాన్ని తీసుకోవచ్చా?

నిశాచరి:
వద్దు. ఆ టైమర్ ఇంటరప్ట్ ఒక సమయంలో ఒక్క కోర్‌కే వెళ్తుంది, అది మిగతా మూడింటినీ తట్టుతూ కూర్చోవాలి. జెనెరిక్ టైమర్ ఒక్కో కోర్‌కు ఒకటి చొప్పున ఉంది, కౌంటర్ మాత్రం అందరికీ ఒకటే. ప్రతి కోర్ తన గడువు తాను పెట్టుకుంటుంది, ఒక కోర్‌లో చదివిన సమయం ఇంకో కోర్‌లో చదివినదానితో పోల్చదగినదిగా ఉంటుంది. అయితే కౌంటర్ చదివే ముందు ఐఎస్‌బీ సూచన (ముందున్నవి పూర్తయ్యాకే తరువాతివి మొదలుపెట్టమని ప్రాసెసర్‌కు చెప్పేది) పెట్టండి. లేకపోతే ప్రాసెసర్ ఆ చదవడాన్ని ముందుకు జరిపి, మీరు లాక్ తీసుకోక ముందటి సమయాన్ని ఇవ్వగలదు. ఒకే కోర్ మీద బయటపడదు, నాలుగు లేపాక ఎప్పుడో ఒక థ్రెడ్ వయసు రుణ సంఖ్యగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ రిజిస్టరు, ఫ్రీక్వెన్సీ రిజిస్టరు రెండూ కోర్‌కు ఒకటి చొప్పున ఉంటాయి కనుక, బూట్ కోర్‌లో చేసిన ఏర్పాట్లన్నీ మిగతా మూడింట్లోనూ చేయాలి.

గోదారిగట్టు:
తరువాత రిస్క్-ఫైవ్ అనే మరో ప్రాసెసర్ నిర్మాణానికి వెళ్లే ఆలోచన ఉంటే, అక్కడి గడువు రిజిస్టరు ఎంటైమ్‌కంప్ పోలిక కూడా ‘చేరిందా, దాటిందా’ అన్నదే, కనుక 71 నిమిషాల నిద్ర ఉండదు. 32 బిట్ల ప్రాసెసర్‌లో మాత్రం గడువును రెండు ముక్కలుగా రాయాలి. మధ్యలో పాత సగం, కొత్త సగం కలిసి చిన్న విలువ ఏర్పడితే పిలవని పేరంటంలా ఒక ఇంటరప్ట్ వచ్చి పడుతుంది. ముందు దిగువ సగంలో అన్ని బిట్లూ 1 చేసి, తరువాత పై సగం రాసి, చివరికి అసలు దిగువ సగం రాయమని ఆ నిర్మాణ పత్రమే చెబుతుంది. వేగాన్ని రిజిస్టరు నుంచి కాక డివైస్ ట్రీలోని (బోర్డు పరికరాల వివరాల పట్టికలోని) టైమ్‌బేస్ ఫ్రీక్వెన్సీ నుంచి తీసుకోవాలి, క్యూఎము వర్ట్ మెషీన్‌లో అది 10 మెగాహెర్ట్జ్.

కొత్తబోర్డు:
ఫ్రీక్వెన్సీ రిజిస్టరును మూడు కోర్లలోనూ చదివి చూశాను. రెండో కోర్‌లో సున్నా వచ్చింది. కారణం నా బూట్ కోడే, ఆ కోర్ ఫర్మ్‌వేర్ స్టబ్‌ను దాటేసి నేరుగా నా కోడ్‌లోకి దూకుతోంది. ఈ రాత్రికి అది సరిచేసి, నాలుగు కోర్లతో రేపు ఉదయందాకా నడిపిస్తాను.